ఇంజన్ పోయిన స్కోడా లారా కారు కొని, బాగుచేసి, అమ్మడం

మొదట ఒక లెక్క చెబుతాను.

మంచి కండిషన్‌లో ఉన్న 2011 మోడల్ స్కోడా లారా టీఎస్ఐ, మాన్యువల్ గేర్లది, నేను కొన్న రోజుల్లో మా బెజవాడలో 3 లక్షల 75 వేలకు పోతోంది. హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజన్ పై భాగం, దించి పని చేయాల్సొస్తే లక్షన్నర. నా కంటికి ఆనని రోగాలకు 40 వేలు. నాకు మిగలాల్సింది 50 వేలు. ఇవన్నీ తీసేస్తే లక్షా 35 వేలు. గుంటూరు పార్టీ 2 లక్షల 20 వేలు చెప్పాడు. బండి స్టార్ట్ కావడం లేదు. "చిన్న సెన్సారేనండి, స్కానర్ పెడితే తెలిసిపోతుంది" అన్నాడు. అంత చిన్నదైతే మీరే పెట్టించి అమ్మొచ్చు కదా అని నోటిదాకా వస్తుంది. అనకూడదు. రెండుసార్లు వెళ్లి టీ తాగి వచ్చేశాను. మూడోసారి ఆయనే ఫోన్ చేశాడు. లక్షా 35 వేలకే తీసుకున్నాను.

పార్టీ ఏం చెప్పినా సరే, ఇంజన్ పూర్తిగా పోయిందనుకునే ధర కట్టండి. సెన్సారే అయితే ఆ లాభం మీది. హెడ్డు దించాల్సొచ్చినా మీరు మునగరు. ఈ లెక్క కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. బండి పక్కన నిలబడి, ఆ సీట్లు, ఆ డాష్‌బోర్డు చూస్తూ వేసుకునే లెక్కలో అంకెలు వాటంతటవే మారిపోతాయి.

పగలు నా ఉద్యోగం వేరేవాళ్ల చిట్టాపద్దులు రాయడం. ఆరేళ్లలో ఐదు బండ్లు కొని అమ్మాను, ఒక్కోసారి ఒక్కటే. నాలుగింటిలో మిగిలింది, ఒకదానిలో పోయింది. ఆ పోయినదాని గురించి తర్వాత చెబుతాను.

ఏ బండి

లారా పెట్రోలు టీఎస్ఐలో 1798 సీసీ టర్బో ఇంజన్. 160 పీఎస్ పవరు, 250 ఎన్ఎం టార్కు, అదీ 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. 2011లో వచ్చిన లారా వీఆర్ఎస్‌లోనూ ఇదే ఇంజన్, 6 గేర్ల మాన్యువల్. బంపర్లు, సీట్లు, 17 అంగుళాల చక్రాలు, బ్యాడ్జీ మాత్రం వేరు. ఆ బ్యాడ్జీ కోసం ఎక్కువ ఇచ్చేవాళ్లున్నారు కాబట్టి, దొరికితే వీఆర్ఎస్సే మేలు. కాకపోతే మామూలు లారాకు బ్యాడ్జీ అతికించినవి కూడా తిరుగుతున్నాయి. ఆర్‌సీలో మోడల్ పేరు చూడనిదే నమ్మొద్దు.

7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ జోలికి నేను పోను. ఇంజన్ గొడవకు గేర్‌బాక్స్‌లో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ గొడవ తోడైతే పై లెక్క మొత్తం ఎగిరిపోతుంది. ఇంజన్ నడవని బండిలో ఆ గేర్‌బాక్స్ ఎలా ఉందో తేల్చుకునే దారీ లేదు. కొరివితో తల గోక్కోవడమే.

ఇవి చవగ్గా దొరకడానికి కారణం భయం. ఆల్టో ఇంజన్ పోతే ఏ షెడ్డులోనైనా చేస్తారు, అందుకే దాని ధర పెద్దగా పడదు. లారా పోతే ఓనరు పెద్ద వర్క్‌షాపుకు లాగించుకుపోతాడు, అక్కడ ఇచ్చిన అంచనా కాగితం చూసి కళ్లు తిరుగుతాయి, బండి ఆరు నెలలు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుంటుంది. మీరు ఫోన్ చేయాల్సింది ఈ ఆరు నెలలు అయ్యాక. పోయిన వారమే ఆగిన బండి ఓనరుకు ఇంకా ఆశ ఉంటుంది, ధర దిగడు.

సెల్ఫ్ కొట్టొద్దు

నడవని బండి చూడ్డానికి వెళితే పార్టీ ఉత్సాహంగా బ్యాటరీ తగిలించి "సెల్ఫ్ కొట్టి చూపిస్తానుండండి" అంటాడు. వద్దని చెప్పండి.

ఈ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పని చేస్తుంది. ఇంజన్ ఆపాక ప్రెషర్ దిగిపోయినా టెన్షనర్ వెనక్కి జారకుండా లోపల చిన్న పట్టీ ఆపుతుంది. పాత రకం టెన్షనర్లలో ఆ పట్టీ విరుగుతుంది. అప్పుడు రాత్రంతా చైను వదులుగా ఉండి, తెల్లారి సెల్ఫ్ కొట్టగానే పళ్లు దాటుతుంది. వాల్వులు దిగాల్సిన సమయంలో కాక పిస్టన్ పైకొచ్చే సమయంలో దిగి దానికి తగిలి వంగుతాయి. ఇంకా కొట్టినకొద్దీ ఇంకా వంగుతాయి, ఆ ఖర్చు మీ ఖాతాలో పడుతుంది.

అందుకే ఒకే ప్రశ్న అడగండి: "బండి ఎక్కడ ఆగిందండీ?" రోడ్డు మీద నడుస్తూ ఆగిందా, పొద్దున స్టార్ట్ చేస్తుంటే టకటకమని ఆగిందా? రెండోదైతే చైను అనుకోండి.

గుంటూరు బండి దగ్గర నేను చేసింది ఇది. ఫోన్‌కు తగిలించే సన్నటి కెమెరా వైరు ఆన్‌లైన్‌లో వెయ్యీ రెండు వేలకు దొరుకుతుంది. ఇంజన్ పైన ప్లాస్టిక్ కవరు చేత్తో లాగితే వస్తుంది. కింద స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే నాలుగు కాయిల్స్. వీటికి బోల్టులుండవు, క్లిప్పు తీసి పైకి లాగడమే. 16 ఎంఎం ప్లగ్ పానాతో స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ కన్నంలోంచి కెమెరా దించాను. మొదటి సిలిండర్‌లో పిస్టన్ నెత్తి నిండా నల్లటి మసి. ఆ మసిలో గోరుతో గీరినట్టు రెండు నెలవంకలు, తళతళమని అల్యూమినియం రంగులో. వాల్వు అంచు తగిలిన గుర్తు అదే. రెండో దాంట్లోనూ ఉంది. పిస్టన్‌కు చిల్లు లేదు, సిలిండర్ గోడలకు నిలువు గీతలు లేవు. అంటే హెడ్డు పని ఉంది, బోరు పని లేదు. ఫోన్ స్క్రీన్ పార్టీకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి "అంటే సెన్సార్ కాదన్నమాట" అన్నాడు. ఆ రోజు బేరం జరగలేదు. కానీ ధర దిగింది ఆ ఫొటోకే.

స్టార్ట్ అయ్యే బండి అయితే

పొద్దున్నే వెళ్లండి. ముందురోజే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే కాఫీ తాగి తిరిగొచ్చేయండి, ఇంకో రోజు చూడొచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు ఈడ్చినట్టు చప్పుడొస్తే చైను పని దగ్గర పడ్డట్టే. వేడెక్కిన ఇంజన్ ఈ గుట్టు చెప్పదు.

తర్వాత ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పండి. మామూలుగా సులువుగా వస్తుంది. లోపల్నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు అతుక్కుపోయి, తియ్యగానే ఇంజన్ ఊగిసలాడితే, ఇంజన్ లోపల పుట్టే ఆవిర్లను బయటికి తీసే పీసీవీ వాల్వులో పొర చిరిగింది. ఐడ్లింగ్‌లో ఈల వేసినట్టు కూత, వణుకు, ఇవన్నీ దీని వల్లే రావచ్చు. కొందరు దీన్నే "ఇంజన్ బోరుకొచ్చింది" అని చెప్పి అమ్మేస్తారు. పీసీవీ నాకు 6 వేలు పడింది.

మిస్సింగ్ ఉన్న బండి ఇంకా సులువు. స్కానర్‌లో పి0302 వస్తే రెండో సిలిండర్ మండటం లేదు. రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో పెట్టండి. కోడ్ చెరిపి ఐదు నిమిషాలు నడపండి. ఇప్పుడు పి0303 వచ్చిందంటే రోగం కాయిల్‌తో పాటు నడిచింది, అంతే. మూడో బండి నేను అలాగే కొన్నాను. హెడ్డు దించాల్సిందేనని ఆ పార్టీకి వాళ్ల మెకానిక్ చెప్పి ఉన్నాడు. నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు, 14 వేలతో అయిపోయింది. ఆయనకు నిజం చెప్పాల్సిందా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. చెప్పలేదు.

పి0016 వస్తే మాత్రం వాల్వులను తెరిచే క్యామ్‌కూ, పిస్టన్లు తిప్పే క్రాంకుకూ పొంతన తప్పిందని అర్థం, మళ్లీ చైను దగ్గరకే వస్తాం. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లకు వాడే వీసీడీఎస్ స్కానర్ ఉన్నవాళ్లు 093 బ్లాకులో ఫేజ్ పొజిషన్ చూస్తారు. సున్నాకు దగ్గరగా ఉంటే చైను బాగున్నట్టు, దూరం జరిగినకొద్దీ సాగినట్టు. బేరం కుదిరాక కుడి ముందు చక్రం వైపు ఇంజన్ కింది కవరుకున్న చిన్న రబ్బరు బిరడా తీయించి టార్చి వేయండి. టెన్షనర్ ఏ రకమో, ఎన్ని పళ్లు బయటికి వచ్చిందో కళ్లారా కనిపిస్తుంది.

ఇంజన్ పక్కన, ఇన్‌టేక్ కింద గులాబీ రంగు మరకలు ఎండి కనిపిస్తే వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా కారుతోంది. అందరి బండ్లకూ ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. ఖర్చులో రాసేసుకోండి, దానికి భయపడొద్దు.

నేను పోగొట్టుకున్న బండి

రెండో బండి. పికప్ బ్రహ్మాండం. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే నాలుగు సిలిండర్లూ 12 బార్ దగ్గర. కొత్త ఇంజన్‌కే 11 నుంచి 14 ఉంటుంది కాబట్టి నాకు ఆనందం ఆగలేదు. పీసీవీ మార్చి, కడిగించి, పదిహేను రోజుల్లో అమ్మేశాను. మూడు వారాలకు కొన్న కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆయిల్ లైటు వెలిగింది. ఆయిల్ చూసే గేజ్ కడ్డీకి చుక్క కూడా అంటట్లేదు."

పిస్టన్‌కు కంప్రెషన్ రింగులు వేరు, ఆయిల్ రింగు వేరు. గేజ్ చూపించేది మొదటి వాటి సంగతి. ఆయిల్ రింగు సన్నటి కన్నాలు మసితో పూడుకుపోయినా గేజ్‌లో 12 వస్తుంది, ఇంజన్ మాత్రం ఆయిల్ తాగుతుంది. వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు దాకా తాగినా ఫరవాలేదని తయారీదారులే అంటారు. ఈ బండి లీటరు దాటి తాగింది. పిస్టన్లు, రింగులు వేయించి సగం ఖర్చు నేను పెట్టుకున్నాను. ఆ బండి మీద నా నష్టం 38 వేలు. పెట్టుకోకుండా తప్పించుకోవచ్చు, రాతకోతలేవీ లేవు. కానీ ఈ లారా మనుషులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, నాకు తర్వాతి బండి అమ్మాల్సింది వాళ్లకే.

అప్పట్నుంచి నా దగ్గర ఏ బండైనా వెయ్యి కిలోమీటర్లు తిరగనిదే అమ్మకానికి పెట్టను. 5డబ్ల్యూ-40, వీడబ్ల్యూ 502 00 అని డబ్బా మీద రాసున్న ఆయిల్ 4.6 లీటర్లు పోసి, గేజ్ కడ్డీకి ఫొటో తీసి, తిరుపతి వెళ్లొస్తాను. రానూపోనూ దాదాపు 800 కిలోమీటర్లు. మిగతావి ఊళ్లో. మొక్కూ తీరుతుంది, ఆయిల్ లెక్కా తేలుతుంది.

బుడమేరు బండ్లు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగాక కొన్నాళ్లు మా ఊళ్లో "ఇంజన్ ట్రబుల్, చవగ్గా ఇస్తాం" అన్న బండ్లు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి. మునిగిన బండిని ఏ ధరకూ కొనొద్దు. ఇంజన్ ఒక్కటే అయితే చూడొచ్చు, వైరింగ్ మొత్తం తుప్పు పట్టి ఏడాది తర్వాత ఒక్కో కనెక్టరూ చస్తుంటే ఏ మేస్త్రీ బాగుచేయలేడు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు, బెల్టు చుట్టలో లోపల ఉండిపోయిన బురద గీతను ఎవరూ కడగరు. స్టెప్నీ గుంటలో వేలు పెట్టి రాసి చూడండి. నీళ్లలో స్టార్ట్ చేసిన బండి అయితే కనెక్టింగ్ రాడ్ కొంచెం వంగి ఉండొచ్చు. ఇంజన్ నడుస్తుంది, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ మాత్రం మిగతావాటికన్నా తక్కువ చూపిస్తుంది.

షెడ్డులో

మాకు ఆటోనగర్ ఉండటం అదృష్టం. హెడ్డు దించిన చోటు నుంచి లేత్ షాపుకు నడిచి వెళ్లొచ్చు. ఇంజన్ ఎవరికి ఇచ్చినా సరే, ఈ ఇంజన్ ఇంతకుముందు విప్పిన చెయ్యేనా అని అడగండి. నా మేస్త్రి ముప్పై ఏళ్లుగా లారీ ఇంజన్లు చేసినవాడు, చేతిలో బలం, బుర్రలో జ్ఞానం రెండూ ఉన్నాయి. అయినా మొదటి బండికి చైను కవరు తీశాక ఇన్‌లెట్ క్యామ్ చివరున్న కంట్రోల్ వాల్వుకు పానా వేసి మామూలుగా ఎడమకు తిప్పబోయాడు. రావట్లేదు. పైపు తగిలించి బలం పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"మేస్త్రీ, ఇది ఉల్టా మర. సైకిల్ ఎడమ పెడల్ లాగా."

ఆయన నా మొహం చూసి, ఫోన్‌లో బొమ్మ చూసి, కుడికి తిప్పాడు. అరచేతి బలంతో వచ్చింది. "చదువుకున్నోళ్లు కూడా పనికొస్తారు బాబూ" అన్నాడు.

అలాంటివి ఇంకో మూడున్నాయి. క్రాంకు పుల్లీ బోల్టు విప్పగానే పుల్లీని పట్టి ఉంచే టూలు బిగించాలి, లేకపోతే వెనకున్న చైను చక్రం పళ్లలోంచి వదులై చైను జరుగుతుంది. క్యామ్ బ్రిడ్జిలో వేలిగోరంత జల్లెడ ఉంటుంది, అది చిరిగి ఉంటే ముక్కలు ఎటు పోయాయో వెతకాలి. సాగే రకం బోల్టులు ఒక్కసారే వాడాలి. ఈ మూడోదే కష్టం. మా మేస్త్రికి మంచి బోల్టు పారేయమంటే ప్రాణం పోయినంత పని. అందుకే పాతవన్నీ నేనే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేస్తాను.

లేత్ పని అయ్యాక హెడ్డు ఇంటికి తెచ్చుకోకముందే అక్కడే పరీక్ష పెట్టించండి. హెడ్డు తిరగేసి, పోర్టుల్లో పెట్రోలు పోసి పావుగంట వదిలేస్తారు. గుంటూరు బండి హెడ్డుకు మూడో సిలిండర్ దగ్గర ఒక వాల్వు అంచున సన్నటి తడి మెరిసింది. లేత్ ఆయన ఏమీ మాట్లాడకుండా ఆ వాల్వు తీసి మళ్లీ రుద్దాడు. ఇంజన్ బిగించాక అదే బయటపడితే ఇంకో 15 వేలు.

ఎటూ హెడ్డు దిగింది కాబట్టి ఇన్‌లెట్ వాల్వుల మీద పేరుకున్న మసి గీకించేయండి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజన్ ఇది, వాల్వులను కడిగేది ఏదీ ఉండదు.

గుంటూరు బండికి మొత్తం ఖర్చు: లాగించడం 4 వేలు, చైను సెట్టు బోల్టులతో 38 వేలు, వాల్వులు, లేత్, గాస్కెట్లు 41 వేలు, వాటర్ పంపు డబ్బా 14 వేలు, పీసీవీ 6 వేలు, కూలి 30 వేలు, ఆయిల్, కూలెంట్, ప్లగ్గులు 11 వేలు, రెండు టైర్లు 12 వేలు, ఇన్సూరెన్స్ 9 వేలు, పాలిష్, చిల్లర పనులు 8 వేలు. లక్షా 73 వేలు. అంటే లక్షన్నర అనుకున్న చోట 23 వేలు పైకిపోయింది, ఆ పక్కన పెట్టిన 40 వేలు ఉన్నది అందుకే. 3 లక్షల 65 వేలకు అమ్మాను. నాలుగు నెలలకు 57 వేలు. నా ఆదివారాలకు కూలి కట్టలేదు. కడితే ఏమీ మిగలదు, మా ఆవిడ ఈ సంగతి గుర్తుచేస్తూనే ఉంటుంది.

కాగితాలు

ఏపీ 16, అంటే మా జిల్లా పాత నంబరు బండి అయితే నాకు హాయి. వేరే రాష్ట్రానిదైతే ఎన్ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్స్, తిరగడం. ఎంత చవకైనా వదిలేస్తాను. ఎంపరివాహన్ యాప్‌లో ఆర్‌సీ, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ చూడండి, చలానాలు విడిగా చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు కాగితంతో, ఆర్‌సీలో అప్పు కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు. ఇంజన్ నంబరు మీ కళ్లతో ఆర్‌సీతో సరిచూడండి, ఇంతకుముందు ఎవరైనా వేరే ఇంజన్ దించి ఆర్‌సీలో ఎక్కించకపోతే ఆ చిక్కు మీకే చుట్టుకుంటుంది.

2011 బండికి 2026లో పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించుకోవాలి. కొనేవాడి మొదటి ప్రశ్న అదే కాబట్టి, ఆ ఖర్చు మీ లెక్కలో ముందే వేసి, బేరంలో పార్టీ దగ్గర తగ్గించండి.

బ్రోకర్లు ఓనరు సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) దగ్గర పెట్టుకుని చేతులు మార్చేస్తుంటారు. ఓనర్ల సంఖ్య పెరగకూడదని. నేను మాత్రం నా పేరు మీదకు మార్పించుకునే అమ్ముతాను. బండి ఎవరికి ఇచ్చినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదే వ్యాపారంగా పెట్టుకుంటే సంగతి వేరు, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి.

అమ్మేటప్పుడు

"ఇంజన్ టచ్ చేయలేదు" అని రాయొద్దు. లారా గురించి తెలిసి కొనేవాడికి ఆ మాటే అనుమానం. అతనికి కావాల్సింది చైను ఎప్పుడు మార్చారు, ఏ టెన్షనర్ వేశారు, ఆయిల్ ఎంత తాగుతోంది. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టాను, వెయ్యి కిలోమీటర్ల ముందు, తర్వాత గేజ్ కడ్డీ ఫొటోలు రెండూ అందులోనే. వంగిన వాల్వులు, పాత టెన్షనర్, మేస్త్రి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన బోల్టుల సంచీ ఒక అట్టపెట్టెలో వేసి డిక్కీలో ఉంచాను.

కొన్నాయన రాజమండ్రి నుంచి వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి. టెస్ట్ డ్రైవ్ కన్నా ముందు ఆ పెట్టె తెరిచాడు. వంగిన వాల్వు ఒకటి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా అబ్బాయికి చూపిస్తానండీ, తీసుకెళ్లొచ్చా?" అని అడిగాడు. పది వేలు తగ్గించమన్నదీ ఆయనే. తగ్గించాను.